తప్పినవాళ్లు

సున్నా, తొంభై తొమ్మిది

2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాయి. పూర్వపు ఆదిలాబాద్ నుంచి విడివడిన మంచిర్యాల జిల్లాలో ఒక అమ్మాయి తన హాల్‌టికెట్ నంబరు కొట్టి చూసుకుంది. తెలుగులో సున్నా. పలక పట్టిన నాటి నుంచి రాస్తున్న భాషలో సున్నా! మొదటి సంవత్సరం మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల. జవాబు పత్రం మళ్లీ తీసి చూస్తే అసలు మార్కులు 99. ఓఎంఆర్ కాగితం మీద గడులు నింపేటప్పుడు ఒకరు పొరబడ్డారు. దాన్ని సరిచూడాల్సిన మరొకరి కంటికి అది ఆనలేదు.

వార్త బయటికి రాగానే రాష్ట్రమంతా ఆ పిల్ల పక్షాన నిలబడింది. అప్పటికే ఫలితాల తర్వాత ప్రాణాలు తీసుకున్న విద్యార్థుల వార్తలు రోజూ వస్తున్నాయి. ఆ లెక్క ఇరవై దాటింది. తల్లిదండ్రులు ఇంటర్ బోర్డు ముందు బైఠాయించారు. ఫెయిలైన మూడు లక్షల మందికి పైగా విద్యార్థుల పత్రాలను ఉచితంగా మళ్లీ పరిశీలించాలని ప్రభుత్వం ఆదేశించింది. అలా చూస్తే వెయ్యికి పైగా విద్యార్థులు పాసైనట్టు తేలింది. అన్యాయాన్ని కొంతైనా సరిదిద్దారు.

మరి మిగతా మూడు లక్షల మంది? వాళ్ల కాగితాల్లో పొరపాటేమీ దొరకలేదు. వాళ్లు నిజంగానే ఫెయిలయ్యారు. సరిగ్గా అక్కడే మన జాలి ఆగిపోయింది. ‘పాపం, పిల్లకు అన్యాయం జరిగింది’ అన్న నోళ్లే, పక్కింటి పిల్లాడి విషయానికి వచ్చేసరికి ‘వాడు ఫోన్ పట్టుకొని కూసుండె, పాసెట్లయితడు?’ అన్నాయి.

తప్పు లేదని రుజువైన మనిషికి మనం ఇచ్చేది న్యాయం. దయ అనే మాటకు అసలు పని పడేది నిజంగా తప్పినవాళ్ల దగ్గర. ఈ అధ్యాయం వాళ్ల గురించి.

మెదడు వేసే లెక్క

తెలుగులో ఒక చిక్కుంది. ‘పరీక్ష తప్పాడు’ అంటాం. ‘అదును తప్పింది’ అంటాం. ‘గురి తప్పింది’ అంటాం. ‘తప్పు చేశాడు’ అని కూడా అంటాం. అందకపోవడానికీ నేరానికీ ఒకే మాట. ఒకటి జరగగానే రెండోది కూడా ఉన్నట్టే వినిపిస్తుంది. భాషను నిందించి లాభం లేదు, మెదడు కూడా ఇదే పని చేస్తుంది.

1967లో ఎడ్వర్డ్ జోన్స్, విక్టర్ హారిస్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. క్యూబా నాయకుడు ఫిడెల్ కాస్ట్రోను సమర్థిస్తూ కొన్ని వ్యాసాలు, వ్యతిరేకిస్తూ కొన్ని వ్యాసాలు విద్యార్థులకు చదవమని ఇచ్చారు. ‘ఏ పక్షాన రాయాలో రాసినవాళ్ల చేతిలో లేదు, మేమే చెప్పి రాయించాం’ అని కొందరికి ముందే చెప్పారు. అయినా సమర్థిస్తూ రాసినవాళ్లు లోలోపల కాస్ట్రో అభిమానులే అయి ఉంటారని చదివినవాళ్లు అనుకున్నారు. పరిస్థితి కళ్ల ముందే ఉన్నా వాళ్లకు మనిషే కనిపించాడు. పదేళ్ల తర్వాత లీ రాస్ అనే శాస్త్రవేత్త ఈ అలవాటుకు ఒక పేరు పెట్టాడు. తెలుగులో దాన్ని ‘మౌలిక ఆపాదన దోషం’ అనవచ్చు. ఎదుటివాడి పని చెడితే గుణాన్ని చూస్తాం, మన పని చెడితే గ్రహచారాన్ని చూస్తాం. బస్సు తప్పిపోతే మనకు ట్రాఫిక్, పక్కవాడికి బద్ధకం.

రెండో ప్రయోగం ఇంకా లోతుకు పోతుంది. 1966లో మెల్విన్ లెర్నర్, కరోలిన్ సిమన్స్ కొందరు విద్యార్థులకు ఒక దృశ్యం చూపించారు. ఒక యువతి ఏదో నేర్చుకుంటూ తప్పు చేసినప్పుడల్లా ఆమెకు కరెంటు షాక్ కొడుతున్నట్టు చూపించారు. నిజానికి అది నటనే. షాక్ ఆపే అవకాశం ఉన్నవాళ్లు ఆపారు, ఆమె గురించి మామూలుగానే మాట్లాడారు. ఆపే దారి లేక, ఆ బాధ ఇంకా సాగుతుందని తెలిసి చూస్తూ కూర్చున్నవాళ్లు మాత్రం కాసేపటికి ఆమెను తక్కువ చేసి మాట్లాడటం మొదలుపెట్టారు.

ఎందుకిలా? లోకం న్యాయంగా నడుస్తోందని నమ్మకపోతే మనిషికి నిద్ర పట్టదు. అమాయకురాలికి ఊరకే బాధ కలుగుతోందంటే రేపు మనకూ కలగవచ్చు. ఆ భయాన్ని మోయడం కన్నా ‘ఆమెలోనే ఏదో ఉంది’ అనుకోవడం తేలిక. మన పెద్దలు ‘చేసుకున్నవారికి చేసుకున్నంత’ అంటూ నిట్టూర్చడంలో ఉన్నదీ ఈ ఊరటే.

లెర్నర్ ప్రయోగంలో మనకు పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. సాయం చేసే దారి ఉన్నచోట నింద తగ్గింది. అంటే నిందించేవాడు తప్పనిసరిగా రాతిగుండె మనిషి కాదు. చాలాసార్లు ఏమీ చేయలేక నిలబడ్డ మనిషి. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ పనిపడుతుంది.

కాలిఫోర్నియాకు చెందిన బెర్నార్డ్ వైనర్ ఈ లెక్కను ఇంకా వివరంగా విప్పాడు. ఎవరికైనా కష్టం వచ్చినప్పుడు మన మెదడు ముందు ఒకే ప్రశ్న వేస్తుందట: ఇది అతని చేతిలో ఉందా, లేదా? చేతిలో లేదని తోస్తే జాలి, జాలి వెంట సాయం. చేతిలో ఉందని తోస్తే కోపం, కోపం వెంట మొహం తిప్పుకోవడం. తెలుగులో 99 వచ్చిన పిల్ల మొదటి గడిలో పడింది. ఫోన్ పట్టుకొని కూర్చున్న పిల్లాడు రెండో గడిలో పడ్డాడు. మన దయకు మనమే ఒక అర్హత పరీక్ష పెట్టాం. ఆ పరీక్ష పేపర్ ఎంత తప్పుల తడకో చూడాలంటే ఆదిలాబాద్ పత్తి చేలకు పోవాలి.

చెరువు ఇవతల వాన

మిరుగు కార్తె వచ్చింది. జూన్ మొదటి వారం. నల్లరేగడి దున్ని ఉంది. చెరువుకు ఇవతల ఒక రైతు, అవతల ఒక రైతు ఉన్నారనుకుందాం. ఇద్దరికీ అయిదేసి ఎకరాలు. ఇద్దరూ తెచ్చింది ఒకే దుకాణం విత్తనం. ఎకరానికి రెండు ప్యాకెట్ల చొప్పున పది ప్యాకెట్లు. 2024 ధర ప్రకారం ప్యాకెట్ 864 రూపాయలు, పదికి 8,640. ఒక మంచి వాన పడింది. కనీసం 60 మిల్లీమీటర్లు పడ్డాకే గింజలు పెట్టమని వ్యవసాయ శాస్త్రవేత్తల సలహా. కానీ ఊళ్లో వాన కొలిచే గిన్నె ఎవరింట్లో ఉంటుంది? మట్టిని గుప్పిట పట్టి చూస్తారు, కాలి మడమతో తొక్కి చూస్తారు. కూలీలు ఈ రోజు దొరుకుతారు, రేపు పక్కూరికి పోతారు. ఇద్దరూ గింజలు పెట్టేశారు.

వారం గడిచింది. చెరువు ఇవతల ఇంకో వాన పడింది, అవతల పడలేదు. ఇవతల మొలక లేచింది. అవతల పైమట్టి పెచ్చు కట్టింది, మొలక లోపలే మాడింది. అవతలి రైతు మళ్లీ ప్యాకెట్లు తెచ్చాడు. ఈసారి ఉద్దెర. మొదటిసారి కూలి డబ్బులు, రెండోసారి కూలి డబ్బులు. అక్కడక్కడా పోగుంటలు పెట్టడానికి ఇంకోసారి.

డిసెంబరులో రచ్చబండ దగ్గర తీర్పు ఇలా ఉంటుంది: ‘ఆయనకు అదును తెలుసు. ఈయన ఆగుమంటే ఆగలే, ఆగమాగం చేసిండు.’ ఇద్దరూ ఒకే రోజు, ఒకే సమాచారంతో, ఒకే పని చేశారన్న సంగతి అప్పటికి అందరూ మరిచిపోయి ఉంటారు.

దీన్ని శాస్త్రంలో ఫలితాన్ని బట్టి నిర్ణయాన్ని తూచే పక్షపాతం అంటారు. 1988లో జొనాథన్ బేరన్, జాన్ హెర్షీ ఒక వైద్యుడు చేసిన ఆపరేషన్ కథను రెండు రకాలుగా చెప్పి అభిప్రాయం అడిగారు. రోగి పరిస్థితి, వైద్యుడి ఆలోచన, ప్రమాదం పాళ్లు అన్నీ రెండు కథల్లోనూ ఒకటే. ఒకదానిలో రోగి బతికాడు, రెండోదానిలో చనిపోయాడు. బతికిన కథ విన్నవాళ్లు నిర్ణయం మంచిదన్నారు. చనిపోయిన కథ విన్నవాళ్లు అదే నిర్ణయాన్ని తప్పుపట్టారు.

దీనికి తోడుగా ఇంకొకటుంది. జరిగిపోయిన తర్వాత ‘ఇట్లయితదని నాకు ముందే తెలుసు’ అనిపించడం. 1975లో బరూక్ ఫిష్‌హాఫ్ దీన్ని ప్రయోగంతో చూపించాడు. ఫలితం తెలిసినవాళ్లకు ఆ ఫలితం ముందు నుంచీ ఖాయమైనట్టే తోస్తుంది, తెలియనప్పుడు తాము ఎంత అయోమయంలో ఉండేవాళ్లో గుర్తుకు రాదు. జూన్‌లో ఎవరికీ తెలియని వాన సంగతి డిసెంబరులో అందరికీ తెలుసు. కాకపోతే రైతు గింజ పెట్టాల్సింది జూన్‌లో.

కాయ లోపలి పురుగు

వాన కథలో రైతు తప్పు లేదని సులువుగా ఒప్పుకుంటాం. కష్టమైన ఉదాహరణ తీసుకుందాం. ఇందులో రైతు చేతిలో ఉన్నవి కూడా కొన్ని ఉన్నాయి.

పురుగును చంపే విషం మొక్కలోనే తయారయ్యే బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. 2006లో రెండు జన్యువులున్న రెండో తరం విత్తనం వచ్చింది. కాయతొలుచు పురుగుల పీడ చాలావరకు పోయింది. అయితే ఏ విషానికైనా పురుగు మెల్లగా అలవాటు పడుతుంది. మొదటి తరం బీటీని గులాబీ రంగు పురుగు తట్టుకుంటోందని 2010లో గుజరాత్‌లోని నాలుగు జిల్లాల విషయంలో ఆ విత్తనం తెచ్చిన కంపెనీయే ఒప్పుకుంది. మరి కొన్నేళ్లకు రెండో తరం కూడా దానికి లొంగింది. ఆ తర్వాత తెలంగాణ చేలు కూడా దాని పాలబడ్డాయి.

ఈ పురుగుతో వచ్చే చిక్కేమిటంటే అది కంటికి కనిపించదు. పూత మీద చేరినప్పుడు రేకులు ముడుచుకుపోయి గుడ్డిపూలు అవుతాయి, తెలిసిన కన్ను పడితేనే పట్టుకుంటుంది. కాయలోకి దూరిన పురుగు చేసిన రంధ్రం పూడిపోతుంది. పైకి కాయ పచ్చగా, నిండుగా, నున్నగా ఉంటుంది. కాయ పగిలేదాకా రైతు ఆశతోనే ఉంటాడు. పగిలాక లోపల రంగు మారిన గుడ్డి పత్తి, తొలిచేసిన గింజ. మందు కొట్టడానికి అప్పటికే సమయం దాటిపోయింది.

ఇక్కడ రైతు చేయగలిగినవి లేవా? ఉన్నాయి. బీటీ చేను చుట్టూ అయిదు వరసలు బీటీ కాని పత్తి పెట్టాల్సి ఉండేది. దానిమీద బతికే మామూలు పురుగులు గట్టి పురుగులతో జతకడితే తట్టుకునే గుణం పలచబడుతుంది. అందుకోసం 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల మామూలు విత్తనం వేరే ఇచ్చేవారు. చాలామంది అది పెట్టలేదు. కాలం ముగిశాక పత్తి కట్టె పీకెయ్యాలి. నీళ్లున్నవాళ్లలో కొందరు ఇంకో రెండు క్వింటాళ్ల కోసం వేసవిదాకా ఉంచారు. పురుగుకు ఏడాది పొడుగునా తిండి దొరికింది.

ఇవి తప్పులే. కాదనడం శాస్త్రం కాదు. ఆ తప్పులు ఎలా పుట్టాయో చెప్పకపోవడం కూడా శాస్త్రం కాదు. అయిదెకరాల రైతుకు అయిదు వరసలు వదులుకోవడమంటే ఇంటి కిరాణా వదులుకోవడం. లాభం ఊరందరిదీ, నష్టం తన ఒక్కడిదీ. ఎందుకు పెట్టాలో చెప్పిన మనిషి లేడు. ఉన్నదల్లా ప్యాకెట్ మీద చిన్న అక్షరాలు. ఆ చేనులో అతని స్థానంలో మనం ఉన్నా చాలామందిమి అదే చేసి ఉండేవాళ్లం. ఒకే తప్పు లక్షల చేలలో జరిగిందంటే దాని కారణం లక్ష మంది గుణంలో ఉండదు, వాళ్లందరూ నిలబడ్డ నేలలో ఉంటుంది.

‘అతని చేతిలో ఉందా, లేదా?’ అన్న ప్రశ్న ఇక్కడ తెగదు. కొంత చేతిలో ఉంది, కొంత లేదు. నిజ జీవితంలోని ఓటములు దాదాపు అన్నీ ఈ రకానివే.

మిత్తి మోసే బుర్ర

నూటికి నెలకు మూడు రూపాయల మిత్తి అంటే వినడానికి చిన్నగా ఉంటుంది. ఏడాదికి అది నూటికి ముప్పై ఆరు. పత్తి అమ్మి కడతానన్న అప్పు పత్తి రాకపోతే మరుసటి మిరుగు నాటికి మూడో వంతుకు పైగా పెరిగి నిలబడుతుంది. ఈ లెక్క తలలో తిరుగుతున్న మనిషి మిగతా నిర్ణయాలు ఎలా తీసుకుంటాడు?

సెంథిల్ ములైనాథన్, ఎల్డార్ షఫీర్, ఆనంది మణి, జియాయింగ్ ఝావో 2013లో ప్రచురించిన పరిశోధన ఈ ప్రశ్నకు జవాబు వెతికింది. తమిళనాడులోని 54 ఊళ్లలో 464 మంది చెరకు రైతులకు ఒకసారి కోతకు ముందు, మరోసారి కోత తర్వాత బుద్ధికుశలత పరీక్షలు పెట్టారు. కోతకు ముందు చేతిలో డబ్బుండదు, నగలు తాకట్టులో ఉంటాయి. కోత తర్వాత కాస్త ఊపిరి తీసుకుంటారు. రైతులు వాళ్లే, బుర్రలు అవే. కోతకు ముందు మాత్రం తక్కువగా చేశారు. ఒక రాత్రంతా నిద్ర లేకపోతే బుర్ర ఎంత మందగిస్తుందో, డబ్బు చింత వల్ల కూడా దాదాపు అంత మందగిస్తుందని ఆ పరిశోధకులు లెక్కగట్టారు. తర్వాత అమెరికాలో జీతం రోజుకు ముందూ వెనకా చేసిన ఒక పరిశోధనలో ఇంత తేడా కనిపించలేదు. ప్రభావం ఎంత అన్నదానిపై చర్చ నడుస్తూనే ఉంది. చింతలో మునిగిన మనసుకు చుట్టూ ఉన్నది కనపడదన్న సంగతి మాత్రం అప్పు తీసుకున్న ప్రతివాడికీ అనుభవమే.

మనం దీన్ని తలకిందులుగా చదువుతుంటాం. ‘తెలివి లేక అప్పులపాలైండు’ అంటాం. అప్పులపాలై ఉన్నందుకే ఆ రోజు తెలివి పూర్తిగా పనిచేయలేదేమో అన్న ఆలోచన రాదు.

కారణం అడిగే కాగితం, అడగని కాగితం

ప్రభుత్వం కూడా మనలాగే అర్హత పరీక్ష పెట్టింది. 2004 జూన్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 421 నంబరు జీవో ఇచ్చింది. ప్రాణం తీసుకున్న రైతు కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి మరో 50 వేలు. 2015లో తెలంగాణ ప్రభుత్వం ఆ మొత్తాన్ని 6 లక్షలకు పెంచింది. మంచి జీవోలే. కానీ డబ్బు రావాలంటే రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల అధికారుల కమిటీ ఆ చావు ‘అసలైన’ రైతు ఆత్మహత్యేనని తేల్చాలి. పట్టా పాసుపుస్తకం కావాలి. అప్పు కాగితాలు కావాలి. షావుకారు ఉద్దెర చిట్టీ అప్పు కాగితం కిందికి రాదు. కౌలు రైతుకు పాసుపుస్తకమే ఉండదు. 2011లో కౌలుదార్ల కోసం రుణ అర్హత కార్డుల చట్టం వచ్చినా కార్డు చేతికందినవాళ్లు కొద్దిమందే. కుటుంబ గొడవలున్నాయా, తాగేవాడా అన్న ప్రశ్నలు కూడా వస్తాయి. పోయిన మనిషి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, తన ఇంటాయన నిజంగానే చేను వల్ల చచ్చాడని కచేరీ మెట్ల మీద రుజువు చేసుకోవాలి.

ఇప్పుడు రెండో కాగితం చూడండి. 2018 మేలో కరీంనగర్ జిల్లా హుజూరాబాద్ ప్రాంతంలో పంట పెట్టుబడి సాయం ఇచ్చే రైతుబంధు మొదలైంది. అదే ఏడాది ఆగస్టులో ఎల్‌ఐసీ ద్వారా రైతుబీమా వచ్చింది. 18 నుంచి 59 ఏళ్ల మధ్య పట్టాదారు రైతు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షలు. పాము కరిచినా, గుండె ఆగినా, మనసు విరిగినా ఒకటే. పది రోజుల్లో చెల్లించాలన్నది లక్ష్యం. ఎందుకు పోయాడన్న ప్రశ్నే ఇక్కడ లేదు.

కౌలు రైతును ఇది కూడా బయటే ఉంచింది. ఆ లోటు చిన్నది కాదు. అయినా వైనర్ చెప్పిన ‘చేతిలో ఉందా లేదా’ అన్న ప్రశ్నను ఒక సర్కారు ఫారం నుంచి తీసేయవచ్చని ఈ పథకం చూపించింది. ప్రశ్న తీసేసినా పథకం కూలిపోలేదు. విధవరాలికి ఒక అవమానం తప్పింది.

చట్టం కూడా ఇదే దారిలో నడిచింది. 1860 నాటి శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్ ప్రకారం, చావబోయి బతికిన మనిషికి ఏడాది దాకా జైలు వేసే వీలుండేది. ఓడిపోయినవాడికి ఇంకో దెబ్బ! 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, ప్రభుత్వం సంరక్షణ, చికిత్స అందించాలనీ చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత 309 సెక్షన్ లేదు.

సిరిసిల్ల సంగతి ఒక్క మాట చెప్పుకోవాలి. ఒకప్పుడు కరీంనగర్ జిల్లాలో భాగమైన ఈ మరమగ్గాల పట్టణంలో నేత కార్మికుల చావుల వార్తలు వరసగా వచ్చిన రోజుల్లో ‘తాగుడు వల్లే’ అన్న మాట గట్టిగా వినిపించేది. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్ అక్కడి మగ్గాలకు ఇచ్చారు. అవే చేతులు అవే సాంచాల మీద కోట్ల మీటర్ల బట్ట నేశాయి. బట్ట నేయమన్నవాళ్లు లేని రోజుల్లో కనిపించిన ‘చెడ్డ గుణం’, పని దొరికిన రోజుల్లో అంతగా ఎవరి నోటా రాలేదు.

నింద దాచిపెట్టే తప్పు

ఇక్కడ చదువరికి ఒక సందేహం రావాలి. అందరినీ ఇలా వెనకేసుకొస్తే మనుషులు బాగుపడతారా? పిల్లాడిని తిట్టకపోతే చదువుతాడా?

జూలియానా బ్రైన్స్, సెరీనా చెన్ 2012లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకటి సరిగ్గా దీని గురించే. బర్క్‌లీ విద్యార్థులకు కావాలనే కష్టమైన పదజాలం పరీక్ష పెట్టారు. అందరూ దెబ్బతిన్నారు. ‘ఇది చాలామందికి కష్టమే, నిన్ను నువ్వు మరీ తిట్టుకోకు’ అన్న ధోరణిలో కొందరికి చెప్పారు. ‘నువ్వు తెలివైనవాడివే, లేకపోతే ఇక్కడ సీటు రాదు’ అని ఇంకొందరిని పొగిడారు. మరికొందరికి ఏమీ చెప్పలేదు. తర్వాతి పరీక్షకు చదువుకోమని కాగితాలిస్తే మొదటి గుంపువాళ్లే ఎక్కువసేపు చదివారు. పొగడ్త కన్నా ఓదార్పు బాగా పనిచేసింది. తన మీద తాను దయ చూపుకున్నవాడు పుస్తకం మూయలేదు, తెరిచాడు.

ఆస్పత్రుల మీద ఎమీ ఎడ్మండ్‌సన్ చేసిన పరిశోధన ఇంకో వింత బయటపెట్టింది. నర్సుల బృందాలు బాగా కలిసిమెలిసి పనిచేసే వార్డుల్లో మందుల పొరపాట్లు ఎక్కువ కనిపించాయి. ఆమె తికమకపడింది. లోతుకు పోతే తెలిసింది: ఆ వార్డుల్లో పొరపాటు జరిగితే చెబుతున్నారు. పెద్ద నర్సు మీద పడి అరిచే వార్డుల్లో దాస్తున్నారు. విమాన రంగం ఈ పాఠాన్ని ముందే నేర్చుకుంది. పైలట్లు తమ పొరపాట్లను భయం లేకుండా చెప్పుకునే ఏర్పాటును అమెరికాలో నాసా 1976 నుంచి నడుపుతోంది. ఒకరి పొరపాటు బయటికొస్తేనే వందమంది దాన్ని తప్పించుకోగలరు.

దీన్ని మన ఇంటికి తెచ్చుకోండి. మార్కులు తక్కువొస్తే చెంప పగిలే ఇంట్లో పిల్లలు ప్రోగ్రెస్ కార్డు దాస్తారు. ‘ఎన్ని అప్పులు చేసినవ్?’ అని ఊగిపోయే ఇంట్లో రైతు భార్యకు సగం అప్పే చెబుతాడు, మిగతా సగం మిత్తితో పాటు అతని లోపలే పెరుగుతుంది. దుబాయికి పోయి ఏజెంటు చేతిలో మోసపోయి ఉత్త చేతులతో తిరిగొచ్చిన జగిత్యాల కుర్రాడు, ‘ఏం సంపాయించినవ్?’ అన్న ప్రశ్నకు భయపడి బస్టాండ్ దగ్గరే ఆగిపోతాడు. నింద తప్పును సరిచేయదు, దాచిపెడుతుంది. గులాబీ పురుగు కాయలో దాక్కున్నట్టే అది లోపల తొలుస్తూ ఉంటుంది, పైకి మనిషి నున్నగా కనిపిస్తాడు.

మొదట చెప్పుకున్న ఓఎంఆర్ కాగితాన్ని కూడా ఈ కళ్లతో చూడాలి. 99కి బదులు సున్నా నింపిన మనిషి మీద చర్య తీసుకున్నారు. తీసుకోవద్దని అనలేం. కానీ అలసిన చేతులు ఎప్పుడో ఒకప్పుడు పొరబడతాయని లెక్కగట్టి, తేడా రాగానే గంట కొట్టే ఏర్పాటు లేకపోవడం అసలు లోపం. మిగతా సబ్జెక్టులన్నీ పాసైన పిల్లకు తెలుగులో సున్నా వస్తే ‘ఆగు, ఒకసారి చూడు’ అని కంప్యూటర్ అడగాలి. ఒక మనిషిని తీసేస్తే రేపు ఆ కుర్చీలో కూర్చునే మనిషికి కూడా అవే చేతులు.

ముందు ఏమడగాలి

లెర్నర్ ప్రయోగం గుర్తుంది కదా. చేయడానికి ఏదో ఒకటి ఉన్నవాళ్లు నిందించలేదు. అందుకే దయను పెంచాలంటే ఉపన్యాసాల కన్నా దారులు ఎక్కువ కావాలి. వికారాబాద్, ఆదిలాబాద్ జిల్లాల్లో నడిచిన కిసాన్ మిత్ర హెల్ప్‌లైన్ అలాంటి దారి. రైతు ఫోన్ చేసి పాసుపుస్తకం రాలేదనో, బ్యాంకు అప్పివ్వలేదనో చెబితే అవతలివాళ్లు ఆ సంగతి సంబంధిత ఆఫీసుదాకా తీసుకుపోయి వెంటపడేవారు. దిగులు సగం ఆఫీసు పని రూపంలోనే ఉంటుందని కనిపెట్టిన ఏర్పాటు అది. 2022 అక్టోబరు 10 నుంచి దేశమంతటా టెలీ మానస్ ఉంది. 14416కు ఎవరైనా ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బులు అక్కర్లేదు.

ఇంట్లో మన చేతిలో ఉన్నది ఇంకా చిన్న పని. మాట వరస మార్చుకోవడం. ‘గిట్లెందుకు చేసినవ్?’ అన్నది విచారణ. అది వినగానే మనిషి సంజాయిషీ వెతుక్కుంటాడు, దొరక్కపోతే అబద్ధం వెతుక్కుంటాడు. ‘ఏమైంది బిడ్డా?’ అంటే జరిగింది చెప్పుకుంటాడు. చెప్పుకుంటే తప్పు ఎక్కడుందో ఇద్దరికీ కనిపిస్తుంది. చదవాల్సిన పాఠం, కట్టాల్సిన అప్పు, పీకెయ్యాల్సిన పత్తి కట్టె అక్కడే ఉంటాయి, ఎక్కడికీ పోవు. వాటి గురించి కచ్చితంగా మాట్లాడవచ్చు. కాకపోతే అది రెండో మాట కావాలి.

ఇంటర్ తప్పిన విద్యార్థికి కొద్ది వారాల్లోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్ష ఉంటుంది. పత్తి పోయిన రైతుకు వచ్చే ఏడు మళ్లీ మిరుగు కార్తె వస్తుంది. పరీక్షలకూ చేలకూ రెండో అవకాశం ముందే ఏర్పాటై ఉంది. మీ ఇంట్లో ఎవరైనా తప్పి ఇంటికొచ్చిన రోజున, ఆ రెండో అవకాశం దాకా వాళ్లు నిలబడేలా చూడండి. మొదట అన్నం పెట్టండి. తర్వాత ఏమైందని అడగండి.